చిన్న తెల్లమాత్ర, ఒంట్లో దాగిన పాత శత్రువు

(సిర్గిట్టిలో జరిగిన సభ్యుల కుటుంబ సమ్మేళనంలో ఆర్మీ మెడికల్ కోర్‌కి చెందిన ఒక రిటైర్డ్ సుబేదారు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడమన్నారు. బి.పి. గురించి, షుగరు గురించి మన సమావేశాల్లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మళ్ళీ అదే చెప్పి మీ చేత ఆవులింతలు పెట్టించటం నాకు ఇష్టం లేదు. అందుకని ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఒకటి ఎంచుకున్నాను. మన శరీరంలో స్టిరాయిడ్ హార్మోన్లు అనేవి ఉన్నాయి. మలేరియా, పురుగులు, అమీబా వంటి పరాన్నజీవులతో మన ఒళ్ళు చేసే యుద్ధంలో ఈ హార్మోన్లకి పెద్ద పాత్ర ఉన్నది. అదేమిటో చెబుతాను. ముందే మనవి చేస్తున్నాను, నేను డాక్టరుని కాను. ఇంటర్ పాసై నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, సుబేదారుగా బయటికి వచ్చినవాణ్ణి. చదివినది, వార్డుల్లో చూసినది, డాక్టర్లని విసిగించి తెలుసుకున్నది, అంతే నా దగ్గరున్న సరుకు.

స్టిరాయిడ్ అనగానే మనకి రెండే గుర్తొస్తాయి. ఒకటి, పరుగుపందెంలో పతకం పోగొట్టుకున్న ఆటగాడు. రెండు, మోకాళ్ళ నొప్పికి మందుల షాపువాడు పొట్లం కట్టి ఇచ్చే చిన్న తెల్లమాత్ర. కాని అసలు స్టిరాయిడ్లు మన ఒంట్లోనే తయారవుతాయి. రెండు కిడ్నీల మీద టోపీ పెట్టినట్టు రెండు ఎడ్రినల్ గ్రంథులు ఉంటాయి. వాటి నుంచి వచ్చేది కార్టిసాల్. మగవాడికి మీసం మొలిపించే టెస్టోస్టిరాన్ స్టిరాయిడే. ఆడవాళ్ళకి ఉండే ఈస్ట్రోజన్, గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్, ఇవి కూడా స్టిరాయిడ్లే. వీటన్నిటికీ ముడిసరుకు ఒక్కటే, కొలెస్టరాల్. మనం దాని పేరు వింటేనే హడలిపోతాం గాని అది బొత్తిగా లేకపోతే మీసమూ లేదు, పిల్లలూ లేరు.

ఇక పరాన్నజీవి. పేరులోనే ఉంది, పరుల అన్నం తిని బతికేది. మలేరియా క్రిమి, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు, రక్తవిరేచనాల అమీబా, ఏలికపాములు, కొంకిపురుగులు, బద్దెపురుగులు అన్నీ ఈ జాతివే. కలరా వంటి జబ్బు రెండు రోజుల్లో అటో ఇటో తేల్చేస్తుంది. పరాన్నజీవుల్లో చాలావాటికి ఆ తొందర లేదు. ఇల్లు కూలితే అద్దెకున్నవాడికే నష్టం. ఇంట్లోవాడు చావకూడదు, తను బయట పడకూడదు, అదీ వాటి ఎత్తుగడ. మన ఒళ్ళు కూడా వాటిని పూర్తిగా తరిమెయ్యలేక ఒక హద్దులో ఉంచి ఊరుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే సీజ్ ఫైర్. యుద్ధం అయిపోలేదు, శాంతి రాలేదు. రెండు వైపులా పికెట్లు ఉన్నాయి.

ఇది ఉపమానం కోసం చెబుతున్నది కాదు. మన ఛత్తీస్‌గఢ్‌లోనే 2020లో బస్తర్ ప్రాంతంలో మలేరియా ముక్త అభియాన్ పెట్టి, జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటికీ వెళ్ళి రక్తపరీక్ష చేశారు. మొదటి విడతలో మలేరియా ఉన్నట్టు తేలినవాళ్ళలో సగానికి పైగా మందికి జ్వరం లేదు, చలి లేదు. హాయిగా అడవికి పోతున్నారు, ఇప్పపువ్వు ఏరుకుంటున్నారు. రక్తంలో క్రిమి ఉంది, ఒళ్ళు దాన్ని అణచిపెట్టి ఉంచింది. ఈ సీజ్ ఫైర్‌ని కాపాడేది ఎవరు, తెగ్గొట్టేది ఎవరు అన్నదే ఈ రోజు నా ప్రసంగం.

మన ఒంట్లో కాపలా కాసేవి తెల్ల రక్తకణాలు. వాటిలో రెండు రకాల ఏర్పాటు ఉంటుందని స్థూలంగా అనుకోండి. కణం లోపల దాక్కున్న శత్రువుని, అంటే మలేరియా, కాలా ఆజార్ లాంటి క్రిముల్ని, పట్టుకునే దళం ఒకటి. కణంలో పట్టనంత పెద్ద శత్రువుని, అంటే పురుగుల్ని, చుట్టుముట్టే దళం ఇంకొకటి. ఈ రెండో దళంలో ముఖ్యమైన జవాను ఇసినోఫిల్. ఈ మాట మన తెలుగు ఇళ్ళలో అందరికీ తెలుసు. కాస్త దగ్గొస్తే చాలు, "ఇస్నోఫీలియా ఉందండీ" అంటారు. అది పెరిగిందంటే ఎలర్జీ అయినా అయి ఉండాలి, ఒంట్లో ఎక్కడో పురుగైనా ఉండి ఉండాలి. కాపలా కుక్క మొరుగుతున్నదన్నమాట. ఈ కుక్కని గుర్తుపెట్టుకోండి, తరవాత మళ్ళీ పని పడుతుంది.

ఈ దళాలన్నిటికీ కార్టిసాల్ ఒక కమాండరు. తెల్లవారుజామున, మనం లేచే వేళకి, రక్తంలో బాగా పెరుగుతుంది. అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది. అది కణం లోపలికి వెళ్ళి, కేంద్రకంలో కూర్చుని, మంట పుట్టించే, వాపు తెప్పించే పదార్థాల తయారీని తగ్గించమని ఆర్డరిస్తుంది. ఇసినోఫిల్ కణాల్ని రక్తంలో తగ్గిస్తుంది. అదేమిటి, సొంత సైన్యాన్నే ఆపటం ఏమిటి అంటారేమో. సైన్యంలో ఉన్నవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది. కాల్పులు మొదలుపెట్టించడం ఎంత ముఖ్యమో, ఆపించడం అంత ముఖ్యం. ఆపకపోతే సొంత ఊరే తగలబడుతుంది. మెదడుకెక్కిన మలేరియాలో మనిషికి జరిగే నష్టంలో కొంత, మన రక్షణ దళాలు చేసే గందరగోళం వల్ల కూడా జరుగుతుంది. కాబట్టి కార్టిసాల్ శత్రువు కాదు. అది తగుపాళ్ళలో ఉండాలి, వేళకి పెరగాలి, వేళకి తగ్గాలి.

ఆ పాళ్ళు ఎప్పుడు తప్పుతాయి? నిద్ర లేకుండా, తిండి సరిగ్గా లేకుండా, రోజుల తరబడి కష్టపడినప్పుడు. అమెరికా సైన్యంలో రేంజర్ స్కూలు అని ఎనిమిది వారాల పైచిలుకు కఠినమైన కోర్సు ఉంది. 1990ల మొదట్లో వాళ్ళ సైనిక వైద్యులే ఆ కోర్సు చేస్తున్న కుర్రాళ్ళ రక్తం పరీక్షించి చూశారు. సగటున నూటికి పదహారు వంతుల బరువు తగ్గిపోయారు. ఇరవై, ఇరవై అయిదేళ్ళ కుర్రాళ్ళకి టెస్టోస్టిరాన్ దాదాపు అడుగంటింది. తెల్లకణాల చురుకుదనం తగ్గింది, అంటువ్యాధులు పెరిగాయి. తరవాతి బ్యాచికి అదే కోర్సులో కొంచెం తిండి పెంచారు. అంతే, జబ్బులు తగ్గాయి. లంగర్ కమాండరు కూడా సగం డాక్టరే అని మన పాత సుబేదార్ మేజర్లు అనేవారు. ఊరికే అనలేదు.

టెస్టోస్టిరాన్ మాట వచ్చింది కాబట్టి మగవాళ్ళకి కొంచెం చేదు వార్త. జర్మనీలో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, ఒక రకం ఎలుక మలేరియా సోకితే ఆడ ఎలుకలు వాటంతట అవే కోలుకున్నాయి. వాటికి కొన్ని వారాలు టెస్టోస్టిరాన్ ఇచ్చి, అదే మలేరియా ఎక్కిస్తే చచ్చిపోయాయి. మనుషుల్లో కూడా కాలా ఆజార్ వంటివి ఆడవాళ్ళ కన్నా మగవాళ్ళలో ఎక్కువ కనిపిస్తాయి. అందులో హార్మోను వాటా ఎంత, చొక్కా లేకుండా ఆరుబయట పడుకునే అలవాటు వాటా ఎంత అని విడదీయటం కష్టం. అలాగని ప్రతి స్టిరాయిడూ రక్షణని తగ్గించేదే అనుకోకండి. ఎడ్రినల్ గ్రంథి నుంచే డి.హెచ్.ఇ.ఎ. సల్ఫేట్ అని ఇంకొకటి వస్తుంది. యుక్తవయసులో పెరుగుతుంది. పశ్చిమ కెన్యాలో మలేరియా దట్టంగా ఉన్న పల్లెల్లో కుర్రాళ్ళని పరీక్షిస్తే, ఈ హార్మోను ఎక్కువ ఉన్నవాళ్ళ రక్తంలో మలేరియా క్రిములు తక్కువగా కనిపించాయి. 2001లో ప్రకటించిన విషయం ఇది. అంటే వయసు కూడా ఒక టీకా లాంటిదే.

ఇక్కడ అమ్మలు, చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. గర్భిణిగా ఉన్నప్పుడు మలేరియా ఎందుకు అంత ప్రమాదం? బిడ్డ సగం తండ్రి నుంచి వచ్చినవాడు, అంటే తల్లి ఒంటికి సగం పరాయివాడు. వాణ్ణి పరాయివాడని తరిమెయ్యకుండా ప్రొజెస్టిరాన్, కార్టిసాల్ కలిసి కాపలా దళాన్ని కొంచెం నెమ్మదిగా ఉండమంటాయి. అది బిడ్డకి మేలు. కాని ఆ సందులో మలేరియా దూరుతుంది. ఫాల్సిపారం మలేరియా సోకిన ఎర్రకణాలు మాయకి అతుక్కుని అక్కడే మకాం వేస్తాయి. తొలిచూలు అయితే మరీ ఎక్కువ, ఎందుకంటే మాయలో దాక్కునే ఆ రకాన్ని ఆమె ఒళ్ళు అంతకు ముందు చూసి ఉండలేదు. ఆఫ్రికాలో గబాన్ దేశంలో తొలిచూలు తల్లుల్ని పరీక్షిస్తే, మలేరియా ఉన్నవాళ్ళలో కార్టిసాల్ ఎక్కువగా ఉంది. తల్లికి రక్తహీనత, బిడ్డ తక్కువ బరువు, ఇవీ ఫలితాలు. కాబట్టి కోడలు కడుపుతో ఉంటే దోమతెర విషయంలో అత్తగారు సుబేదార్ మేజరులాగా ఉండాలి. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష. రేపు కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఒంట్లో పుట్టే హార్మోనే ఇంత పని చేస్తుంటే, అదే హార్మోను మాత్ర రూపంలో పది రెట్లు మింగితే ఏమవుతుంది?

1948 సెప్టెంబరులో అమెరికాలో మేయో క్లినిక్‌లో, కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి మొదటిసారి కార్టిసోన్ ఇంజెక్షన్ చేశారు. కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. ప్రపంచమంతా అదొక అద్భుతం అనుకుంది. హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అనే ముగ్గురికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. అదే 1948లో, ఆగస్టులో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో కన్నుమూశారు. ఆయన ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన హెట్రజాన్ ఈ రోజుకీ బోదకాలుకి వాడుతున్న మందు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకి ఫైలేరియా సోకటంతో ఆ మందు కోసం వెతుకులాట మొదలైంది. ఆ హెట్రజాన్‌లో ఒక విచిత్రం ఉంది. గాజుగొట్టంలో పురుగుపిల్లల మీద అదే మందు వేస్తే పెద్దగా చావవు. మనిషి ఒంట్లో అయితే గంటల్లో మాయమవుతాయి. ఎందుకంటే ఆ మందు పురుగుని బయటపెడుతుంది, చంపేది మన తెల్లకణాలే. మందు ఒక్కటే యుద్ధం గెలవదు, దళం కూడా ఉండాలి. స్టిరాయిడ్ మాత్ర ఆ దళాన్నే బ్యారక్కులో పడుకోబెడుతుంది.

లెక్క చూడండి. మన ఒంట్లో రోజుకి తయారయ్యే కార్టిసాల్ సుమారు అయిదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కి సమానం. డెక్సామెథసోన్ దానికన్నా ఆరేడు రెట్లు బలమైనది. అర మిల్లీగ్రాము మాత్ర మూడు పూటలా వేసుకుంటే పది మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ వేసుకున్నట్టు. అంటే ఒంటికి సహజంగా ఉండేదానికి రెండు రెట్లు బయటినుంచి పోస్తున్నాం. అదీ పొద్దున పెరిగి రాత్రి తగ్గే పద్ధతి లేకుండా, మూడు పూటలా. మాత్ర చూస్తే ఆవగింజకి అన్నయ్యలా ఉంటుంది. ధర చూస్తే టీ కన్నా చవక. నొప్పి పోతుంది, ఆకలి పుడుతుంది, ముఖం నిండుగా అవుతుంది. "బాబాయ్, ఆరోగ్యం బాగైందే" అంటారు చూసినవాళ్ళు. అది ఆరోగ్యం కాదు, వాపు.

ఇప్పుడు ఒక పురుగు గురించి చెప్పాలి. దాని పేరు స్ట్రాంగిలాయిడిస్. పేరు నోరు తిరగకపోయినా పరవాలేదు, దారం పోగులాంటి పురుగు అనుకోండి, పొడవు రెండు మిల్లీమీటర్లు. తడి నేలలో, మలం కలిసిన మట్టిలో దాని పిల్లలు ఉంటాయి. ఉత్తకాళ్ళతో నడిస్తే చర్మంలోంచి దూరి, రక్తంలో ప్రయాణించి, ఊపిరితిత్తుల మీదుగా పేగుకి చేరుతుంది. కొంకిపురుగు కూడా ఇదే దారిలో వస్తుంది. తేడా ఎక్కడంటే, మిగతా పురుగులు చాలావరకు ముసలివై చచ్చిపోతాయి, వాటి గుడ్లు బయటికి పోతాయి. ఇది మాత్రం మన పేగులోనే పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు బయటికి పోకుండానే మళ్ళీ మన ఒంట్లోకి దూరగలవు. బయటినుంచి కొత్త సరఫరా అక్కర్లేదు. ఒకసారి ఎక్కితే, మందు వెయ్యకపోతే, మనిషి ఉన్నన్నాళ్ళూ ఉండగలదు.

దీనికి సాక్ష్యం సైనికులే. 1942, 43 సంవత్సరాల్లో జపాను సైన్యం బర్మా నుంచి సయాం దాకా 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. డెత్ రైల్వే అంటారు. బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి యుద్ధఖైదీలు, వాళ్ళకన్నా ఎక్కువ సంఖ్యలో ఆసియా కూలీలు అక్కడ పనిచేశారు. ఆ కూలీల్లో మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయిన తమిళులు, మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. మన సిర్గిట్టి, బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని చాలా తెలుగు కుటుంబాల ముత్తాతలు పట్టాల పని మీదే ఇటు వచ్చారు. అదృష్టం బాగుండి వీళ్ళ ఓడ ఇంకో వైపు వెళ్ళలేదు. సరే, ఆ ఖైదీలు చెప్పులు లేకుండా, వానలో, బురదలో పనిచేశారు. యుద్ధం అయిపోయింది, బతికినవాళ్ళు ఇంగ్లండు వెళ్ళిపోయారు. అక్కడి చలిదేశంలో ఈ పురుగు కొత్తగా సోకే అవకాశమే లేదు. అయినా 1968 నుంచి 2002 వరకు లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య సంస్థవాళ్ళు అటువంటి మాజీ ఖైదీలని రెండు వేల మందికి పైగా పరీక్షిస్తే, నూటికి పన్నెండు మందిలో ఆ పురుగు ఇంకా ఉంది. ముప్పై, నలభై, యాభై ఏళ్ళ తరవాత! పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఉద్యోగాలు చేశారు, మనవల్ని ఎత్తుకున్నారు. అప్పుడప్పుడు నడుము దగ్గర, పిరుదుల మీద పాకుతున్నట్టు ఎర్రటి గీతలాంటి దద్దురు వచ్చి గంటల్లో పోయేది. అంతే గుర్తు. పరీక్షలో ఇసినోఫిల్స్ ఎక్కువ. సీజ్ ఫైర్ యాభై ఏళ్ళు నడిచింది.

అటువంటి మనిషి స్టిరాయిడ్ మాత్ర మొదలుపెడితే ఏమవుతుంది? కాపలా దళం పడుకుంటుంది. పురుగుపిల్లలు వందలు వేలుగా పేగు గోడని చీల్చుకుని బయలుదేరతాయి. ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు పొరలు, ఎక్కడికైనా పోతాయి. పోతూ పోతూ పేగులోని బాక్టీరియాని కూడా వీపున మోసుకుపోతాయి, దాంతో రక్తం విషమవుతుంది. మాత్ర దళాన్ని పడుకోబెట్టటమే కాక, ఆ పురుగుకి సూటిగా ఎదుగుదల సంకేతం కూడా ఇస్తుందేమోనని శాస్త్రజ్ఞులకి అనుమానం ఉంది. పురుగులకి, కీటకాలకి కుబుసం విడవటానికి స్టిరాయిడ్ వంటి పదార్థాలే సంకేతాలు మరి. ఈ దశకి వచ్చాక మందు వెయ్యకపోతే బతికేవాళ్ళు తక్కువ. ఇంకా ఘోరం ఏమిటంటే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న కుక్క ఉంది కదా, ఇసినోఫిల్, స్టిరాయిడ్ వేసుకున్నవాళ్ళలో అది మొరగదు. రిపోర్టులో ఇసినోఫిల్స్ నార్మల్ అని వస్తుంది, లేదా సున్నాకి దగ్గరగా వస్తుంది. డాక్టరు పురుగు మాటే తలపెట్టడు.

మన మధ్యనే జరిగింది ఒకటి చెబుతాను. ఆయన అనుమతితోనే చెబుతున్నాను గాని పేరు చెప్పను. రిటైరైన హవల్దారు. శ్రీకాకుళం వైపు పల్లెలో వరి మడుల్లో పెరిగి, ఈశాన్యంలో అడవుల్లో నౌకరీ చేసి వచ్చారు. మోకాళ్ళ నొప్పికి ఒక మందుల షాపులో తెల్లమాత్ర ఇచ్చారు. బాగా పనిచేసింది, ఎనిమిది నెలలు వేసుకున్నారు. తరవాత కడుపునొప్పి, దగ్గు, పిల్లికూతలు. ఎవరో ఆస్తమా అన్నారు, అదే జాతి మాత్ర ఇంకొంచెం ఎక్కువ ఇచ్చారు. మంట మీద పెట్రోలు. జ్వరంతో మగతలో పడిపోయాక ఆస్పత్రిలో చేర్చితే, ఒక కుర్ర డాక్టరమ్మ "బాబాయ్ గారు ఏ ఊళ్ళలో నౌకరీ చేశారు?" అని ఇంట్లోవాళ్ళని అడిగింది. విన్నాక గళ్ళ పరీక్షకి పంపింది. గళ్ళలో మెలికలు తిరుగుతున్న పురుగుపిల్లలు కనిపించాయి. ఐవర్‌మెక్టిన్ రోజూ ఇచ్చి, వారాల తరబడి చూసుకుని మనిషిని నిలబెట్టారు. ఆ అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్న ఆయన ప్రాణం కాపాడింది. ఎక్స్-రేలు, స్కానులు అంతకు ముందే అయ్యాయి, వాటిలో ఏమీ తేలలేదు.

అమీబా సంగతి కూడా ఇలాగే. రక్తవిరేచనాల్ని పేగు వాపు జబ్బు అనుకుని, మల పరీక్ష చెయ్యకుండా స్టిరాయిడ్ మొదలుపెడితే పేగుకి చిల్లు పడే ప్రమాదం ఉంది.

ఇంకో తప్పు అభిప్రాయం ఉంది. జబ్బు ముదిరితే స్టిరాయిడ్ ఇస్తే లేచి కూర్చుంటాడని. మెదడుకెక్కిన మలేరియాలో వాపు తగ్గుతుందని ఒకప్పుడు పెద్ద డాక్టర్లు కూడా డెక్సామెథసోన్ ఇచ్చేవారు. థాయిలాండ్‌లో వంద మంది రోగుల మీద పద్ధతి ప్రకారం పరీక్షించి 1982లో ఫలితం ప్రకటించారు. మరణాలు తగ్గలేదు. పైగా స్టిరాయిడ్ తీసుకుని బతికినవాళ్ళు స్పృహలోకి రావటానికి సగటున 63 గంటలు పట్టింది, తీసుకోనివాళ్ళకి 47 గంటలు. న్యుమోనియా, కడుపులో రక్తస్రావం కూడా ఎక్కువయ్యాయి. అప్పటినుంచి ఆ పద్ధతి మానేశారు.

మరి కోవిడ్‌లో ఇచ్చారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. 2020 జూన్‌లో ఇంగ్లండువాళ్ళు ప్రకటించిన రికవరీ పరీక్షలో, రోజుకి ఆరు మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ పది రోజుల వరకు ఇస్తే, వెంటిలేటరు మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి ఏ లాభమూ లేదు. మనవాళ్ళు మొదటి వాక్యం విన్నారు, రెండో వాక్యం వినలేదు. కొంచెం జ్వరానికే ఇంట్లో కూర్చుని మింగారు. 2021లో బ్లాక్ ఫంగస్ అని ఎంతమంది కళ్ళు పోగొట్టుకున్నారో చూశాం. షుగరు, స్టిరాయిడ్ రెండూ కలిసిన చోటే అది ఎక్కువ. ఆ రోజుల్లోనే విదేశీ వైద్యులు, వేడిదేశాల నుంచి వచ్చిన రోగికి స్టిరాయిడ్ మొదలుపెట్టేటప్పుడు ఐవర్‌మెక్టిన్ మాట కూడా ఆలోచించమని రాశారు. కోవిడ్‌కి కాదండోయ్, ఈ దారంపురుగు కోసం.

స్టిరాయిడ్‌ని తిట్టటానికి మాత్రం నేను నిలబడలేదు. పంది బద్దెపురుగు గుడ్లు నీళ్ళలో, పచ్చికూరల మీద కడుపులోకి పోయి, మెదడులో చిన్న తిత్తుల్లాగా స్థిరపడి ఫిట్స్ తెప్పిస్తాయి. శాకాహారులకి కూడా వస్తుంది. దానికి ఆల్బెండజోల్ ఇచ్చేటప్పుడు డాక్టర్లు స్టిరాయిడ్ కూడా కలిపి ఇస్తారు. ఎందుకంటే పురుగు చచ్చేటప్పుడు మన దళం ఒక్కసారిగా విరుచుకుపడి మెదడు వాస్తుంది. అక్కడ దళాన్ని ఆపటమే వైద్యం. ఆస్తమాకి, కిడ్నీ జబ్బులకి, కీళ్ళవాతానికి, కిడ్నీ మార్చినవాళ్ళకి ఈ మందే ప్రాణాధారం. కత్తి ఒకటే, సర్జను చేతిలో ఉందా, మంగలి చేతిలో ఉందా అన్నది చూసుకోవాలి.

కాబట్టి మన పని ఏమిటి? అట్ట మీద ఆర్ఎక్స్ గుర్తు ఉన్న మందు డాక్టరు చీటీ లేకుండా కొనకండి. పొట్లంలో విడిగా కట్టిన మాత్రలు, పేరు లేని "దేశీ" చూర్ణాలు మూడు రోజుల్లో కీళ్ళనొప్పి మాయం చేశాయంటే అనుమానించండి. చూర్ణాల్లో స్టిరాయిడ్ కలిపిన ఉదంతాలు మన దేశంలో చాలాసార్లు బయటపడ్డాయి. జిమ్ముకి పోయే మన కుర్రాళ్ళ సంచుల్లో కూడా ఒక చూపు వెయ్యండి. అవి టెస్టోస్టిరాన్ జాతివి, వాటి కథ వేరే, అదీ మంచి కథ కాదు.

డాక్టరు నిజంగానే ఎక్కువ రోజుల స్టిరాయిడ్ రాస్తే, భయపడి మానెయ్యకండి, కాని మీ నౌకరీ పుస్తకం నోటితో చదివి వినిపించండి. ఎక్కడ పుట్టారు, ఉత్తకాళ్ళతో ఎక్కడ తిరిగారు, ఏ అడవుల్లో ఉన్నారు, మలేరియా ఎన్నిసార్లు వచ్చింది, ఇస్నోఫీలియా ఎప్పుడైనా ఉందన్నారా, పాకే దద్దురు వచ్చిందా. ఈసీహెచ్ఎస్ పాలిక్లినిక్‌లో లైను పెద్దదే, డాక్టరుకి తీరిక తక్కువే, అయినా చెప్పండి. కాగితం మీద రాసి ఇవ్వండి. మల పరీక్ష ఒక్కసారి చేస్తే ఈ పురుగు తరచుగా దొరకదు, వేరువేరు రోజుల్లో మూడు నాలుగుసార్లు చెయ్యాలి. రక్తపరీక్ష కూడా ఉంది. పిల్లలకి బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ ఒక్క మాత్ర ఏలికపాములకి మంచిదే గాని ఈ దారంపురుగుకి చాలదు. దీనికి ఐవర్‌మెక్టిన్, మనిషి బరువుని బట్టి, డాక్టరు రాస్తేనే.

ఇంకో ముఖ్యమైన మాట. ఇప్పటికే నెలల తరబడి తెల్లమాత్ర వేసుకుంటున్నవారు ఎవరైనా ఈ హాల్లో ఉంటే, నా ప్రసంగం విని ఈ రాత్రి నుంచి ఆపెయ్యకండి. బయటినుంచి సరఫరా వస్తున్నదని మీ ఎడ్రినల్ గ్రంథి ఎప్పుడో పని మానేసి పడుకుని ఉంటుంది. ఒక్కసారిగా మాత్ర ఆపితే బి.పి. పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళి, నిజం చెప్పి, వారం వారం కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. సిగ్గుపడాల్సిన పని లేదు. వాళ్ళు రోజుకి పది మందిని ఇలాంటివాళ్ళని చూస్తుంటారు.

సిర్గిట్టి మురుగుకాలవల సంగతి, వానాకాలంలో మన సందుల్లో నిలిచే నీళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు. పిల్లల్ని ఉత్తకాళ్ళతో పంపకండి. పెద్దలు కూడా, పొద్దున్నే పెరట్లో మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు చెప్పులు వేసుకోండి. డ్రిల్లు బూటు తుడిచినంత శ్రద్ధ అక్కర్లేదు, హవాయి చెప్పులు చాలు.

ఇప్పుడే ఒక అమ్మగారు చీటీ పంపారు. "మా వారికి ఆస్తమా, ఇన్‌హేలరులో స్టిరాయిడ్ ఉందంటున్నారు, మానిపించాలా?" అని. వద్దమ్మా. ఇన్‌హేలరులో ఉండేది మైక్రోగ్రాముల లెక్క, చాలావరకు ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. మాత్రతో పోలిక లేదు. పీల్చిన తరవాత నీళ్ళతో నోరు పుక్కిలించి ఉమ్మెయ్యమనండి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. అయితే ఆస్తమా పెద్ద వయసులో కొత్తగా వచ్చిందా, ఇసినోఫిల్స్ ఎంత ఉన్నాయి, ఒకసారి డాక్టరు గారిని అడగండి. ఫైలేరియా వల్ల కూడా అచ్చం ఆస్తమాలాగే రాత్రిపూట దగ్గు వచ్చే జబ్బు ఒకటి ఉంది. దానికి ఇందాక చెప్పిన సుబ్బారావు గారి మందే మందు.

చాయ్ సిద్ధంగా ఉందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. మిగతా ప్రశ్నలు అక్కడ అడగండి, తెలిసింది చెబుతాను.

జైహింద్.